నిద్ర అంచున మనిషి: పీడకలలు, నిద్రా పక్షవాతం – అనుభవం, కథనం, వివరణ

వ్యాససంగ్రహం

నిద్రకూ మెలకువకూ నడుమనున్న స్వల్పవ్యవధిలో మనిషికి కలిగే భయానుభవాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పీడకల, నిద్రాభీతి, నిద్రా పక్షవాతం అనే మూడింటినీ వ్యవహారంలో ఒకే గాటన కట్టినా, అవి నిద్రలోని వేర్వేరు దశలకు చెందినవి. వీటిలో నిద్రా పక్షవాతాన్ని ప్రధానంగా తీసుకొని, దాని శారీరక యంత్రాంగాన్ని, వివిధ సంస్కృతులు దానికిచ్చిన పేర్లను, ఆ పేర్లు అనుభవంపై చూపే ప్రభావాన్ని వ్యాసం పరిశీలిస్తుంది. ఇటువంటి కథనాలను సేకరించే తెలుగు పరిశోధకులు అనుభవాన్ని, కథనాన్ని, వివరణను మూడు వేర్వేరు పొరలుగా గుర్తించవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పీడకల, నిద్రా పక్షవాతం, రెమ్ నిద్ర, సంధ్యం, నిద్రాభీతి, అనుభవమూల వాదం, జానపద విజ్ఞానం.

1. ఉపోద్ఘాతం

మెలకువ వచ్చిందని తెలుస్తూనే ఉన్నా ఒళ్ళు కదలకపోవడం, అరవాలనుకున్నా గొంతు పెగలకపోవడం, గదిలో మరెవరో ఉన్నారని గట్టిగా అనిపించడం, ఛాతీ మీద మోయలేని బరువు పడడం – ఈ నాలుగు అంశాలున్న కథనం ప్రపంచంలోని అనేక భాషల్లో వినిపిస్తుంది. చెప్పేవారి మతం, చదువు, వయస్సు వేరైనా కథనం రూపురేఖలు పెద్దగా మారవు. మారేది ఆ ‘మరెవరో’ ఎవరన్న సంగతి మాత్రమే.

ఇటువంటి అనుభవాన్ని విన్నవారు సాధారణంగా మూడు విధాలుగా స్పందిస్తారు. దయ్యమో గాలో సోకిందని కొందరు భయపడతారు. అంతా మూఢనమ్మకమని, చెప్పినవారు కల్పిస్తున్నారని కొందరు కొట్టిపారేస్తారు. మతి చలించిందేమోనని మరికొందరు అనుమానిస్తారు. మొదటి స్పందన అనుభవాన్ని అంగీకరించి భయాన్ని పెంచుతుంది. రెండవది భయాన్ని తీసివేయబోయి అనుభవాన్నే నిరాకరిస్తుంది. మూడవది ఆరోగ్యవంతుడి మీద రోగి అన్న ముద్ర వేస్తుంది. మూడింటిలోనూ అనుభవించినవారికి దక్కవలసిన న్యాయం దక్కదు. రాత్రి తనకు జరిగినదాన్ని పగలు ఎవరికీ చెప్పుకోలేని స్థితి వారిది. అందువల్ల ఈ అంశం వైద్యశాస్త్రానికి ఎంత ముఖ్యమో, మనుషుల మాటలను సేకరించి విశ్లేషించే సాహిత్య, జానపద పరిశోధనలకూ అంతే ముఖ్యం.

2. పదాల వెనుక ఉన్న అనుభవం

నిద్ర అంచును సూచించడానికి తెలుగులో పదాలకు కొదవ లేదు. కునుకు, తూగు, జోగు, మగత, మాగన్ను, నిద్రమత్తు వంటివి నిద్రకూ మెలకువకూ నడుమనున్న వేర్వేరు స్థితులను చెబుతాయి. ఉలికిపాటు, కలవరింత, పలవరింత వంటివి ఆ స్థితుల్లో శరీరమూ నోరూ చేసే పనులను చెబుతాయి. నిద్ర, మెలకువ అనే రెండు గదుల నడుమ గోడ కాక, మసక వెలుతురున్న వసారా ఒకటి ఉన్నదని ఈ పదజాలమే గుర్తించింది.

‘పీడకల’ అనే మాట ప్రత్యేకంగా పరిశీలించదగినది. వ్యవహారంలో ‘పీడ’ అంటే బాధ, కీడు. కాని సంస్కృత ధాతువులోని మూలార్థం నొక్కడం, పిండడం. ఇతర భాషల్లో ఈ అనుభవానికున్న పేర్లను దీని పక్కన నిలిపి చూస్తే ఆశ్చర్యకరమైన సామ్యం కనబడుతుంది. గ్రీకులో ‘ఎఫియాల్టీస్’ మీదికి దూకేవాడు. లాటిన్‌లో ‘ఇంక్యుబస్’ మీద పడుకొనేవాడు. ఫ్రెంచి ‘కోష్‌మార్’లోని పూర్వపదానికి తొక్కడం, అదమడం అనే అర్థాలున్నాయి. జర్మన్ ‘ఆల్ప్‌డ్రుక్’ భూతం పెట్టే ఒత్తిడి. స్పానిష్ ‘పెసాదియా’కు మూలం బరువు. తెలుగు పదం శారీరకమైన ఒత్తిడిని ఉద్దేశించే పుట్టిందని ఇంతమాత్రాన తేల్చలేము. కాని ఇన్ని భాషలు భయంకరమైన కలకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు కంటికి కనిపించిన దృశ్యాన్ని కాక, ఒంటి మీద పడిన బరువును ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు.

ఆంగ్లంలోని ‘నైట్‌మేర్’ కూడా ఇటువంటిదే. దానిలోని ‘మేర్’కు ఆడగుర్రంతో సంబంధం లేదు. నిద్రించేవారి మీద కూర్చొని ఊపిరాడనివ్వని ‘మార’ అనే భూతం పేరు అది. స్విట్జర్లాండ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు హెన్రీ ఫ్యూసెలీ 1781లో గీసిన ‘ది నైట్‌మేర్’ చిత్రంలో నిద్రిస్తున్న యువతి ఛాతీ మీద ఒక వికృతాకారం కూర్చుని ఉంటుంది. తెర వెనుక నుంచి ఒక గుర్రం తల తొంగిచూస్తుంది. పదం రెండు అర్థాలూ అక్కడ ఒకే చట్రంలో ఇమిడాయి. వెల్లకిలా పడుకున్న భంగిమ, ఛాతీ మీది బరువు, గదిలో మరొకరి ఉనికి – ఇవి నేటి వైద్యులు నిద్రా పక్షవాతానికి చెప్పే లక్షణాలే. అంటే పాత ఆంగ్లంలో ‘నైట్‌మేర్’ అన్నది చెడ్డ కలకు కాదు, ఈ ప్రత్యేకానుభవానికి పేరు. ఏ చెడ్డ కలకైనా ఆ పేరు వర్తించడం తరువాతి పరిణామం.

3. భారతీయ చింతనలో సంధిస్థితి

నిద్రను గురించిన ఆలోచన భారతీయ వాఙ్మయంలో ప్రాచీనమైనది. ఋగ్వేదం పదవ మండలంలో దుస్స్వప్న నివారణకు ఉద్దేశించిన సూక్తం ఉంది. అథర్వవేదంలోనూ అటువంటి మంత్రాలు ఉన్నాయి. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయాలనే విభజనను స్థిరపరిచింది. బృహదారణ్యకోపనిషత్తు స్వప్నాన్ని ఇహపరాల నడుమనున్న మూడవ స్థానంగా, ‘సంధ్యం’గా పేర్కొంది. బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయం రెండవ పాదం ఈ సంధ్యస్థానపు చర్చతోనే మొదలవుతుంది. అదే పాదంలో మూర్ఛను జాగ్రత్, స్వప్న, సుషుప్తుల్లో దేనిలోనూ చేర్చలేక ‘అర్ధసంపత్తి’గా, సగమే కలిసిన స్థితిగా నిర్ణయించారు. స్థితుల నడుమ గీతలు గీసిన దార్శనికులే ఆ గీతల మీద నిలిచే అనుభవాలున్నాయని కూడా గుర్తించారనడానికి ఇది నిదర్శనం.

వైద్యదృష్టితో ఈ విషయాన్ని చర్చించినది చరకసంహిత. ఇంద్రియస్థానం ఐదవ అధ్యాయంలో కలలను దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం అని ఏడు విధాలుగా విభజించి, వీటిలో మొదటి ఐదూ ఫలరహితాలని చెప్పింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి కలగా రావడం సహజమనీ, వాటిలో శకునాలు వెతకనక్కరలేదనీ దీని సారాంశం. గాఢంగా నిద్రపోని మనిషికి మనస్సు వ్యాపారం వల్ల కలలు వస్తాయనీ, ప్రబలమైన దోషాలు మనోవహ స్రోతస్సులను నింపినప్పుడు దారుణ స్వప్నాలు కలుగుతాయనీ ఆ అధ్యాయమే వివరిస్తుంది. దోషసిద్ధాంతాన్ని నేటి శరీరశాస్త్రంతో సమానం చేయడం సరికాదు. కాని భయంకరమైన కలకు కారణాన్ని బయటి భూతంలో కాక శరీరంలో వెతికిన ప్రయత్నంగా దీనికి విలువ ఉంది.

ఇదే దృష్టి మరికొన్ని వైద్య సంప్రదాయాల్లోనూ కనబడుతుంది. పదవ శతాబ్దపు పారశీక వైద్యుడు అఖవైనీ బుఖారీ ‘కాబూస్’ అనే ఈ అనుభవాన్ని కడుపు నుంచి మెదడుకు ఎగసే ఆవిరుల ఫలితమన్నాడు. డచ్ వైద్యుడు ఇస్‌బ్రాంట్ వాన్ డీమెర్‌బ్రూక్ 17వ శతాబ్దంలో ఒక 50 ఏళ్ళ స్త్రీ అనుభవాన్ని నమోదు చేశాడు. ఆమె పగలంతా ఆరోగ్యంగా ఉండేది. రాత్రి నిద్రకు ఉపక్రమించినప్పుడు ఒకసారి సైతాను, ఒకసారి పెద్ద కుక్క, ఒకసారి దొంగ తన ఛాతీ మీద పడుకొని కదలనివ్వనట్టు ఆమెకు అనిపించేది. ఒకే వ్యక్తికి ఒకే బరువు మూడు వేర్వేరు రూపాల్లో తోచిందన్నది ఈ నమోదులోని అతి విలువైన అంశం.

4. నిద్ర నిర్మాణం: ఆధునిక అవగాహన

1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రలో ఒక ప్రత్యేక దశను ప్రకటించారు. ఆ దశలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. అప్పుడు నిద్రలేపితే చాలామంది కలను చెబుతారు. ఈ లక్షణాన్ని బట్టి దానికి రెమ్ నిద్ర అని పేరు వచ్చింది. లియోన్‌లో పరిశోధించిన మిషెల్ జూవే పిల్లుల మీద ప్రయోగాలు చేసి, ఈ దశలో మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉన్నా కండరాలు పూర్తిగా సడలిపోతాయని చూపాడు. అందుకే దానికి ‘విరోధాభాస నిద్ర’ అని పేరు పెట్టాడు. మెదడు కాండంలో నిర్దిష్ట భాగాన్ని దెబ్బతీసినప్పుడు ఆ పిల్లులు నిద్రలోనే లేచి దాడి చేస్తున్నట్టు ప్రవర్తించాయి. కలలో చేసే పనిని ఒళ్ళు చేయకుండా ఆపే తాళం ఒకటి మెదడులో ఉన్నదని దీనివల్ల స్పష్టమైంది.

వయోజనుల నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. రాత్రి తొలి భాగంలో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ తక్కువ. తెల్లవారే కొద్దీ రెమ్ ఘట్టాలు దీర్ఘమవుతాయి. మొత్తం నిద్రలో రెమ్ వాటా 20 నుంచి 25 శాతం.

ఈ క్రమం తెలిస్తే ఒక పాత విశ్వాసం కూడా కొత్తగా అర్థమవుతుంది. తొలి జామున వచ్చిన కల చాలా కాలానికి గాని ఫలించదని, చివరి జామున వచ్చినది త్వరగా ఫలిస్తుందని స్వప్నశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. తెల్లవారుజాము కల నిజమవుతుందని జనం నేటికీ అంటారు. ఫలం మాట పక్కన పెడితే, ఆ విశ్వాసం వెనుక ఒక పరిశీలన ఉంది. తెల్లవారుజామున కలలు దీర్ఘంగా, స్పష్టంగా వస్తాయి. వెంటనే మెలకువ రావడం వల్ల గుర్తుంటాయి. గుర్తున్న కలకే ప్రాధాన్యం, ప్రాధాన్యమున్న కలకే ఫలం ఆపాదించబడ్డాయి.

5. అంచున ఎదురయ్యే అనుభవాలు: భేదాలు

వ్యవహారంలో ‘నిద్రలో భయపడ్డాడు’ అనే ఒక్క మాటలో ఇమిడిపోయే స్థితులను శాస్త్రం వేరు చేస్తుంది. ఈ భేదాలు పరిశోధకునికీ అవసరమే.

పీడకల: ఎక్కువగా రాత్రి చివరి భాగంలో, రెమ్ నిద్రలో వస్తుంది. మెలకువ రాగానే మనిషి తేరుకొంటాడు. కలను వివరంగా చెప్పగలడు.

నిద్రాభీతి: రాత్రి మొదటి భాగంలో, గాఢనిద్ర నుంచి సగం లేచిన స్థితిలో కలుగుతుంది. పిల్లల్లో ఎక్కువ. బిడ్డ కెవ్వున అరచి లేస్తుంది. కళ్ళు తెరిచి ఉన్నా తల్లిని గుర్తించదు. ఉదయం ఏమీ గుర్తుండదు. పూర్వం బాలగ్రహమని భయపడిన వాటిలో ఇటువంటివి కొన్ని ఉండడానికి అవకాశముంది. సాధారణంగా ఎదిగే కొద్దీ ఇది దానంతట అదే తగ్గిపోతుంది.

నిద్రారంభపు ఉలికిపాటు: కునుకు పట్టే వేళ ఎత్తు నుంచి పడిపోతున్నట్టు అనిపించి ఒళ్ళు ఒక్కసారి అదిరిపడుతుంది. ఇది అత్యంత సాధారణం, హాని లేనిది.

తలలో పేలుడు: నిద్రపట్టే సమయంలోనో మేలుకొనే సమయంలోనో తలలో పెద్ద చప్పుడు వినబడుతుంది. నొప్పి ఉండదు. పేరు భయపెట్టేదే అయినా ఇదీ ప్రమాదకరం కాదు.

తంద్రాదృశ్యాలు: నిద్రలోకి జారే వేళ ముఖాలు, రంగులు, ఆకారాలు కనబడడం, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినబడడం. ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ మోరీ 1848లో వీటికి ‘హిప్నగాజిక్’ అని పేరు పెట్టాడు. మేలుకొనే వేళ వచ్చేవాటిని ఫ్రెడరిక్ మైయర్స్ ‘హిప్నోపాంపిక్’ అన్నాడు. ఈ స్థితి భయానికి మాత్రమే తావు కాదు. బెంజీన్ నిర్మాణం స్ఫురించిన విధాన్ని 1890లో చెబుతూ రసాయన శాస్త్రవేత్త కెకులే, నెగడి ఎదుట కునుకు తీస్తుండగా తోకను నోట కరచుకున్న పాము కనిపించిందన్నాడు.

రెమ్ ప్రవర్తనా రుగ్మత: కండరాల తాళం సరిగా పడక, మనిషి కలలో చేసే పనిని మంచం మీదే చేస్తాడు, తంతాడు, కొడతాడు, అరుస్తాడు. అమెరికాలోని మినెసోటాలో షెంక్, మహోవాల్డ్ 1986లో దీన్ని వర్ణించారు. నడివయస్సు దాటినవారిలో ఇది పార్కిన్‌సన్ వంటి వ్యాధులకు ఏళ్ళ ముందే కనిపించే సూచన కావచ్చు. కాబట్టి దీన్ని ‘కలవరింత’ అని వదిలివేయరాదు.

6. నిద్రా పక్షవాతపు యంత్రాంగం

రెమ్ ప్రవర్తనా రుగ్మతలో తాళం పడదు. నిద్రా పక్షవాతంలో పడిన తాళం సమయానికి తెరుచుకోదు. చైతన్యం మేలుకొంటుంది, కళ్ళు తెరుచుకొంటాయి, కాని చలన నాడీకణాలను నిరోధించే రెమ్ దశ నాటి వ్యవస్థ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కనుగుడ్లు, ఊపిరి తీసే విభాజక పటలం మినహా స్వాధీనంలో ఉండే కండరాలేవీ మాట వినవు. ఇది కొన్ని క్షణాల నుంచి కొన్ని నిమిషాల వరకు ఉండి దానంతట అదే తొలగిపోతుంది. ‘నిద్రా పక్షవాతం’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని నాడీవైద్యుడు కినియర్ విల్సన్ 1928లో ప్రయోగించాడు. పేరులో పక్షవాతమున్నా, నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే పక్షవాతంతో దీనికి సంబంధం లేదు.

ఈ సమయంలో కలిగే భ్రాంతులను కెనడా మనస్తత్వవేత్త అలన్ చేన్, ఆయన సహపరిశోధకులు 1999లో మూడు గుంపులుగా వర్గీకరించారు. మొదటిది ‘చొరబాటుదారు’: గదిలో ఎవరో ఉన్నారన్న భావన, అడుగుల చప్పుడు, నీడ. రెండవది ‘అదిమే భూతం’: ఛాతీ మీద బరువు, ఊపిరాడకపోవడం, చనిపోతానన్న భయం. మూడవది విచిత్ర శరీరానుభవాలు: తేలిపోవడం, పడిపోవడం, శరీరం వీడి బయటికి వచ్చి తన్ను తాను చూసుకోవడం.

ప్రతి గుంపుకూ శారీరక ఆధారం చూపవచ్చు. రెమ్ నిద్రలో పక్కటెముకల నడుమ కండరాలు సడలి, శ్వాస విభాజక పటలం మీదే ఆధారపడుతుంది. ఊపిరి వేగంగా, పైపైన సాగుతుంది. మేలుకొన్న మనిషి గట్టిగా ఊపిరి తీయబోయి తీయలేకపోతాడు. ఆ విఫల ప్రయత్నమే ఛాతీ మీద బరువుగా తోస్తుంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ఈ దశలో చురుగ్గా ఉంటుంది. కారణం కనబడని భయానికి మనస్సు కారణాన్ని వెతుకుతుంది. చీకటి మూల ఒక ఆకారమవుతుంది. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక మూర్ఛరోగి మెదడులో ఎడమవైపు కణత, పార్శ్వ భాగాలు కలిసే చోటును విద్యుత్తుతో ప్రేరేపించినప్పుడు, తన వెనుక ఒక నీడ మనిషి ఉన్నట్టు ఆ రోగికి అనిపించింది. శరీర స్పృహను కూర్చే ఆ భాగం తడబడితే, మనిషి తన శరీరాన్నే మరొకరిగా భావించగలడని అర్థమైంది.

ఇది ఎంతమందికి జరుగుతుంది? బ్రయన్ షార్ప్‌లెస్, జాక్వెస్ బార్బర్ 2011లో 35 అధ్యయనాలను, మొత్తం 36,533 మంది వివరాలను సమీక్షించారు. జీవితంలో ఒక్కసారైనా నిద్రా పక్షవాతం పొందినవారు సాధారణ జనాభాలో 7.6 శాతం, విద్యార్థుల్లో 28.3 శాతం, మానసిక చికిత్స పొందుతున్నవారిలో 31.9 శాతం. నిద్రలేమి, వేళ తప్పిన నిద్ర, మానసిక ఒత్తిడి, వెల్లకిలా పడుకోవడం దీనికి దోహదం చేస్తాయి. నిద్రను మధ్యలో భంగపరచి మళ్ళీ పడుకోనిస్తే, కొందరు నేరుగా రెమ్‌లోకి జారి ఈ స్థితికి లోనవుతారని 1992లో జపాన్ పరిశోధకులు ప్రయోగశాలలోనే చూపారు. పరీక్షల రోజుల్లో వసతిగృహాల్లో గడిచే రాత్రులకు ఈ వర్ణన సరిగ్గా సరిపోతుంది. తరగతి గదిలో కూర్చున్న ప్రతి నలుగురిలో ఒకరు ఈ భయాన్ని ఎరిగినవారు కావచ్చునన్నది అధ్యాపకులు గమనించదగిన విషయం.

7. పేర్లు, వాటి పర్యవసానాలు

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జాలరుల పల్లెల్లో ఈ అనుభవాన్ని ‘ఓల్డ్ హ్యాగ్’ అంటారు. అంటే ముసలి మంత్రగత్తె. జపాన్‌లో ‘కనాషిబారి’, లోహపు కట్లతో బంధించినట్టు కావడం. ఇటలీలోని అబ్రుట్సో ప్రాంతంలో ‘పందఫేకే’ అనే దుష్టశక్తి. ఈజిప్టులో పలువురు దీనిని జిన్ పనిగా భావిస్తారు. పేరు మారినంత మాత్రాన అనుభవం మారుతుందా అన్న ప్రశ్నకు బలాంద్ జలాల్, డెవన్ హింటన్ 2013లో ప్రకటించిన పరిశోధన సమాధానం వెతికింది. ఈజిప్టు, డెన్మార్క్ దేశీయులను పోల్చినప్పుడు, ఈజిప్టువారు దీనికి ఎక్కువసార్లు లోనైనట్టు, కదలలేని స్థితి వారిలో ఎక్కువసేపు ఉన్నట్టు, మరణభయం వారిలో అధికమైనట్టు తేలింది. డెన్మార్క్‌వారు ఎక్కువగా శారీరక కారణాలు చెప్పారు. భయం నిద్రను చెడగొడుతుంది. చెడిన నిద్ర అనుభవాన్ని మళ్ళీ తెస్తుంది. మళ్ళీ వచ్చిన అనుభవం నమ్మకాన్ని బలపరుస్తుంది. ఈ వలయమే పై తేడాకు పరిశోధకులు సూచించిన వివరణ.

అమెరికాకు శరణార్థులుగా వెళ్ళిన లావోస్‌లోని మాంగ్ జాతివారి ఉదంతం ఇంతకన్న తీవ్రమైనది. 1977 తరువాత వారిలో ఆరోగ్యవంతులైన యువకులు నిద్రలోనే మరణించసాగారు. 1981లో ఈ మరణాలు అత్యధికమయ్యాయి. మొత్తం వందకు పైగా నమోదయ్యాయి. దాదాపు అందరూ పురుషులే. ఆగ్నేయాసియా జాతుల్లో కనిపించే ఇటువంటి మరణాలను గుండె విద్యుత్ ప్రసారంలోని వంశపారంపర్య లోపంతో, బ్రుగాడా సిండ్రోమ్‌తో, వైద్యులు తరువాత ముడిపెట్టారు. పరిశోధకురాలు షెల్లీ ఆడ్లర్ దీనికి మరొక పొరను చేర్చారు. మాంగ్ సంప్రదాయంలో ఛాతీ మీద కూర్చొనే ‘దా చో’ అనే భూతం నుంచి పితృదేవతలు కాపాడతారు. స్వదేశంలో చేయగలిగిన క్రతువులు పరదేశంలో చేయలేకపోయారు. రక్షణ పోయిందన్న భీతి మిగిలింది. ముందే బలహీనంగా ఉన్న గుండెకు ఆ భీతి ప్రాణాంతకమై ఉండవచ్చునని ఆమె వాదం. ఇది నిరూపిత నిర్ణయం కాదు, ఒక పరికల్పన. అయినా నమ్మకం శరీరం బయట ఉండే వస్తువు కాదని ఇది గుర్తుచేస్తుంది.

8. అనుభవం ముందా, నమ్మకం ముందా?

దయ్యాల కథలు వినడం వల్లనే ఇటువంటి అనుభవాలు కలుగుతాయన్నది విద్యావంతుల్లో ప్రబలమైన అభిప్రాయం. జానపద విజ్ఞానవేత్త డేవిడ్ హఫర్డ్ 1982లో వెలువరించిన గ్రంథంలో ఈ అభిప్రాయాన్ని సవాలు చేశాడు. న్యూఫౌండ్‌లాండ్ ‘ముసలిదాని’ కథలను సేకరించిన తరువాత, అటువంటి సంప్రదాయమేదీ ఎరుగని అమెరికన్ విద్యార్థులను కూడా ప్రశ్నించాడు. వారు ఎన్నడూ ఎవరికీ చెప్పుకోని అనుభవాలను చెప్పారు. అవే అడుగుల చప్పుళ్ళు, అదే బరువు, అదే ఉనికి. సంస్కృతి నుంచి అనుభవం పుట్టిందనే ‘సంస్కృతిమూల వాదం’ దీనిని వివరించలేదనీ, అనుభవం నుంచే సంప్రదాయం ఏర్పడిందనే ‘అనుభవమూల వాదం’ అవసరమనీ హఫర్డ్ ప్రతిపాదించాడు.

హఫర్డ్ వాదానికి పరిమితి లేకపోలేదు. బరువు, నిశ్చలత, ఉనికి అన్నవి శరీరం ఇచ్చినవి కావచ్చు. కాని ఆ ఉనికి ముసలిదా, జిన్నా, పొరుగింటి మృతుడా అన్నది సంస్కృతి ఇచ్చేదే. పైగా ఈజిప్టు–డెన్మార్క్ పోలిక చూపినట్టు, సంస్కృతి ఇచ్చిన అర్థం తిరిగి శరీరంలోకి ప్రవేశించి తరువాతి అనుభవాన్ని తీర్చిదిద్దుతుంది. కాబట్టి రెండింటి నడుమ సంబంధం ఏకముఖం కాదు. అనుభవం నమ్మకానికి ముడిసరుకు. నమ్మకం అనుభవానికి మూస.

9. తెలుగు పరిశోధనకు అన్వయం

ఈ అవగాహన జానపద కథనాల సేకరణ పద్ధతిని ప్రభావితం చేయాలి. ‘దయ్యం గుండెల మీద కూర్చుంది’ అనే వాక్యాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో ‘గుండెల మీద’ అన్నది అనుభవం. శరీరం నిజంగా గుర్తించిన బరువు. ‘కూర్చుంది’ అన్నది కథనం. బరువును ఒక చర్యగా మలిచిన మాట. ‘దయ్యం’ అన్నది వివరణ. ఆ చర్యకు వెతికిన కర్త. మూడవ పొరను అంగీకరించనివారు మొదటి పొరను నిరాకరించనక్కరలేదు. వక్త అబద్ధమాడలేదు, దయ్యమూ రాలేదు. రెండు మాటలూ ఏకకాలంలో నిజం కాగలవు.

తెలుగు వాక్యనిర్మాణం ఇక్కడ పరిశోధకునికి తోడ్పడుతుంది. ‘ఎవరో కూర్చున్నట్టు అనిపించింది’ అనడానికీ ‘కూర్చుంది’ అనడానికీ తేడా ఉంది. ‘అట్టు’ అనే రూపం వక్త తన అనుభవానికీ వాస్తవానికీ నడుమ ఉంచుకున్న దూరాన్ని తెలుపుతుంది. సేకర్త రాతలో సౌలభ్యం కోసం ఆ ‘అట్టు’ను తొలగిస్తే, సందేహంతో చెప్పిన మాట సాక్ష్యంగా మారిపోతుంది. కథ ఒకరి నుంచి మరొకరికి మారినప్పుడు ఈ రూపం నిలుస్తుందో జారిపోతుందో గమనించడం, అనుభవం ఐతిహ్యంగా మారే క్రమాన్ని పట్టిచ్చే మార్గాల్లో ఒకటి.

క్షేత్రపర్యటనలో అడగవలసిన ప్రశ్నలు కూడా దీనినిబట్టి మారతాయి. రాత్రి ఏ వేళ జరిగింది? ఏ భంగిమలో పడుకున్నారు? కళ్ళు తెరిచి ఉన్నాయా? ముందు బరువు తెలిసిందా, ఆకారం కనబడిందా? అంతకుముందు ఇటువంటి కథ విన్నారా? ఆ పేరు అప్పుడే తోచిందా, మరునాడు మరొకరు చెప్పారా? చివరి ప్రశ్న కీలకం. అనుభవానికి పేరు తరచుగా మరునాటి సంభాషణలో పడుతుంది. దిండు కింద ఇనుప వస్తువు ఉంచడం, తాయెత్తు కట్టడం, ఆంజనేయుని తలచుకోవడం వంటి ఉపాయాలను కూడా భయాన్ని అదుపులో పెట్టే సాధనాలుగా నమోదు చేయాలి. వాటి ఫలం భూతం మీద కాక నిద్రించేవారి మనస్సు మీద ఉంటుంది. ఆ ఫలం అబద్ధం కాదు.

10. ఉపశమన మార్గాలు

అరుదుగా వచ్చే నిద్రా పక్షవాతం హానికరం కాదు. వేళకు తగినంత నిద్ర, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం, ఒత్తిడిని తగ్గించుకోవడం దానిని చాలావరకు నివారిస్తాయి. ఆ స్థితిలో ఉన్నప్పుడు బలంగా పెనుగులాడకుండా, ఇది కొద్దిసేపట్లో పోతుందని గుర్తు తెచ్చుకొని, కనుగుడ్లనో కాలివేలినో కదిలించడానికి ప్రయత్నించాలని నిపుణులు సూచిస్తారు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం వైద్యుని సంప్రదించాలి. పగటిపూట ఆపుకోలేని నిద్ర, నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో మోకాళ్ళు సడలిపోవడం నార్కొలెప్సీ అనే వ్యాధికి సూచనలు. పెద్ద గురకతో నడుమ ఊపిరి ఆగడం మరొక నిద్రారుగ్మతకు గుర్తు. ఘోరానుభవాల తరువాత పదేపదే వచ్చే పీడకలలకు ‘దృశ్య పునరభ్యాసం’ అనే పద్ధతి ఉంది. బాధితులు మెలకువలో తమ పీడకలను గుర్తుచేసుకొని, దాని గతిని తమకిష్టమైన విధంగా మార్చి, మార్చిన రూపాన్ని రోజూ మనస్సులో మననం చేస్తారు. లైంగిక దాడికి గురైన స్త్రీలలో ఈ పద్ధతి పీడకలలను తగ్గించిందని బారీ క్రాకోవ్ బృందం 2001లో ప్రకటించింది. మనిషి తన కథనాన్ని మార్చుకొంటే అనుభవం కూడా మారగలదన్నది సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే ఫలితం.

11. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. పీడకల, నిద్రాభీతి, నిద్రా పక్షవాతం వేర్వేరు. వాటి వేళలు, లక్షణాలు, జ్ఞాపకం వేర్వేరు. నిద్రా పక్షవాతం రెమ్ నిద్రకు చెందిన కండరాల నిరోధం మెలకువలోకి పొడిగిపోవడం వల్ల కలుగుతుంది. దాని శారీరక చట్రం అందరికీ సమానం. దానిలో నిండే ఆకారం సంస్కృతిని బట్టి మారుతుంది. ఆ ఆకారం తిరిగి భయాన్నీ దాని కాలవ్యవధినీ నిర్ణయిస్తుంది. నిద్రాభంగాన్ని సంధిస్థితిగా గుర్తించే దృష్టి భారతీయ చింతనకూ తెలుగు పదజాలానికీ కొత్తది కాదు.

ఒక విద్యార్థి వచ్చి రాత్రి తన గదిలో ఎవరో ఉన్నారని చెప్పినప్పుడు, ‘ఎవరూ లేరు’ అన్న సమాధానం సగమే సరైనది. ‘నీకు తెలిసిన బరువు నిజం, దానికి కారణం ఇది, ఇది చాలామందికి జరుగుతుంది’ అన్నది పూర్తి సమాధానం. ఆ సమాధానం ఇవ్వడానికి కావలసిన జ్ఞానం నేడు అందుబాటులో ఉంది. దానిని తెలుగులో, తెలుగు మాటలతో, కథనాలను గౌరవిస్తూ అందించడం పరిశోధకుల, అధ్యాపకుల బాధ్యత.